ఒంటిగంట నుంచి నాలుగు దాకా

బస్సులో రామాంజినమ్మ పక్కన కూర్చున్నవాళ్ళు రెండో స్టేజీ రాకముందే లేచి వేరే సీటు వెతుక్కుంటారు. అన్ని ప్రశ్నలు అడుగుతుంది మనిషి. నీదే ఊరు, ఆ సంచిలో ఏముంది, కాలికి ఆ కట్టేమిటి, కట్టింది డాక్టరా కాంపౌండరా, ఏ మందు పెట్టాడో అడిగావా? అడగలేదంటే ఇక అయిపోయారన్నమాటే. "నీ కాలు, నీ కట్టు, నువ్వు అడక్కపోతే ఇంగెవురు అడగల్లప్పా?" అని దిగేదాకా వదిలిపెట్టదు. బెళుగుప్ప సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు ఆమె తల కనబడగానే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదిది. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఆమె నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు. సంబంధం కుదిరిందని నాయన చెబితే పెళ్ళికొడుకు ఎట్లా ఉంటాడని కూడా అడగలేదు. రేషన్ షాపులో బియ్యం తక్కువ తూచినా, కూలికి పోయిన చోట పొద్దుగూకినాక కూడా చెనక్కాయ చెట్లు పీకించినా, అడగడమనేది తన పని కాదనుకుంది. అడిగేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు చదువుంటుంది, చొక్కా జేబులో పెన్నుంటుంది. అట్లాంటి మనిషిని ఇట్లా తయారుచేసింది మూడంటే మూడు గంటల కాలం. ఒక వేసవి మధ్యాహ్నం, ఒంటిగంట నుంచి నాలుగు దాకా.

ఆమె భర్త ఎర్రప్ప గొర్రెలు కాసేవాడు. వానలు మొహం చాటేసిన ఏడాది, అంటే ఇంచుమించు ప్రతి ఏడాదీ, ఎండలు ముదరగానే మందను తోలుకుని పెన్న ఒడ్డుకు, పామిడి వైపు పోయేవాడు. పోతే నెల, నెలన్నర. ఫోనుండేది గానీ దాంట్లో చార్జింగుండేది కాదు. ఆ నెలన్నరా రామాంజినమ్మ సాయంత్రమయ్యేసరికి వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది, దారి కనబడేటట్టు కూర్చుని. ఎదురుచూస్తున్నానని ఎవరికీ చెప్పేది కాదు. తనకు తాను కూడా చెప్పుకునేది కాదు. ఒకరోజు వచ్చేవాడు, దుమ్ము కొట్టుకుపోయి, గడ్డం పెరిగి, ఒళ్ళంతా గొర్రె వాసనతో. వచ్చి కూర్చోడు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాస్తాడు. ఆమె చెంబెడు నీళ్ళిస్తుంది. గటగటా తాగి ఖాళీ చెంబు చేతికిచ్చి "ఇంగొకటి" అంటాడు. రెండో చెంబు సగం తాగాక అప్పుడు తలెత్తి ఆమె మొహం చూస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో వాళ్ళ సరసమంతా ఆ రెండో చెంబు దగ్గరే జరిగింది. సినిమాల్లో మాదిరి మాటలు వాళ్ళకు రావు.

మాటల సంగతి అటుంచి, మొగుడి పేరు కూడా ఆమె నోట ఎన్నడూ రాలేదు. పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకు వాళ్ళవ్వ చెప్పింది. పిలవాలంటే "ఏమప్పా" అనేది. ఇతరులకు చెప్పాలంటే "తిప్పేషు వాళ్ళ నాయన" అనేది. తిప్పేష్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేచోట మిషన్ మీద పని. ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళందరిదీ ఇదే పద్ధతి కాబట్టి ఎక్కడా ఇబ్బంది రాలేదు. రేషన్ డీలరు "ఓహో, ఎర్రప్ప కార్డా" అని తనే రాసుకునేవాడు.

ఎర్రప్పకు మోకాళ్ళ నొప్పులు. ఊరి అంగట్లో దొరికే బిళ్ళలు పరగడుపున రెండు, పడుకోబోయే ముందు రెండు మింగేవాడు. ఏం బిళ్ళలని ఆమె అడగలేదు, ఇచ్చినవాడు చెప్పలేదు. రెండేళ్ళ కిందట చైత్రంలో ఒక పొద్దున పశువుల తొట్టి దగ్గర కడుపు పట్టుకుని కూలబడ్డాడు. చెయ్యి వేసి చూస్తే కడుపు పలకలాగా గట్టిగా ఉంది. 108కి ఫోను చేశారు. తిప్పేష్‌కు చేస్తే "నువ్వు ముందు పోమా, నేను బస్సు పట్టుకొని అట్లనే వస్తాండా" అన్నాడు. ఏ ఆసుపత్రికి తీసుకుపోయారని అడక్కండి. పేరు చెబితే ఆ ఒక్కదాన్ని తిట్టి, మిగతావన్నీ బాగున్నాయనుకుంటారు.

చీటీలు రాసే కిటికీ ముందు తోపులాట. లోపలి గుమాస్తా తలెత్తకుండా "పేషెంటు పేరు?" అన్నాడు. రామాంజినమ్మ రేషన్ కార్డు కోసం నడుము దగ్గర తడుముకుంది. కార్డు చూపిద్దామంటే హడావిడిలో ఇంట్లోనే మర్చిపోయింది. పేరు చెబుదామా అంటే, ఆయన అక్కడ స్ట్రెచర్ మీద పడి ఉన్నాడు, ఉన్న ఆయుష్షే ఎంతుందో తెలీదు. "పేరు చెప్పమ్మా, ఎనకాల నూరుమంది ఉండారు!" అని గుమాస్తా కసిరాడు. "తిప్పేషు వాళ్ళ నాయనప్పా" అంది. ఊళ్ళో ఎవరికైనా చాలే మాట అది. ఈ గుమాస్తాకు ఆ ఊరేమిటో, తిప్పేషెవరో! ఆ మాటలో ఉన్న ఒక్క పేరూ తీసి చీటీ మీద రాసేసి బయటికి తోశాడు. ఆమెకు చదువు రాదు. చీటీని భద్రంగా కొంగున కట్టుకుంది.

వార్డులో కిటికీ పక్కన మూడో మంచం ఇచ్చారు. చేతికి సెలైన్ పెట్టారు. కడుపులో పేగుకు బొక్క పడిందని, ఆపరేషను చెయ్యాలని, పెద్ద డాక్టరు వచ్చేదాకా చుక్క నీళ్ళు కూడా నోట్లో పొయ్యకూడదని గట్టిగా చెప్పారు. ఎర్రప్ప పెదాలు ఎండిపోయి తెల్లగా పొరలు లేచాయి. "నీళ్ళు" అన్నాడు. పొయ్యకూడదంట అంది. కాసేపాగి "ఒక్క గుక్క" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి అడిగేటప్పటికి భయానికి ఆమెకు కోపం వచ్చింది. "గమ్మునుండప్పా! నీళ్ళు నీళ్ళని నా పానం తీస్తాండావు!" అనేసింది. ఎర్రప్ప మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడే నర్సు వచ్చి, ఈ ఇంజక్షను మా దగ్గర లేదు, బయట తెమ్మని చీటీ ఇచ్చింది. గోడ గడియారం ఒకటి చూపిస్తోంది.

మందు తీసుకుని పరుగున వచ్చేసరికి గేటు వేసేశారు. లోపల ఉండడానికి ఇచ్చిన పాసు ఎర్రప్ప తలగడ కింద ఉండిపోయింది. "పాసు మంచం మీద ఉండాదన్నా" అంటే సెక్యూరిటీ మనిషి "అందురూ అదే చెప్తారు. మందు ఈడ ఇయ్యి, లోపలికి పంపుతా. నాలుగింటికి గేటు తీస్తాము, అంతదాకా ఆడ కూసో" అన్నాడు. ఆమె కూర్చుంది. గేటు పక్కన గోడకు పచ్చరంగు బోర్డేదో ఉంటే దాని నీడన కూర్చుంది. లోపల ఏం జరుగుతోందని అడగలేదు. ఒక్కసారి పోయి చూసి వస్తానని బతిమాలలేదు. నాలుగు కొట్టగానే గేటు తీశారు. పరిగెత్తింది. మూడో మంచం మీద తల దాకా దుప్పటి కప్పి ఉంది. ఐదు నిమిషాలైందమ్మా అన్నారు.

తిప్పేష్ అప్పటికి వచ్చాడు. శవాన్ని అప్పజెప్పే కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. పైన ఏం రాసుందో చూసే స్థితిలో ఉన్నాడా వాడు? ఊరికి తెచ్చి మట్టి చేశారు. మరణం సర్టిఫికెట్టుకు ఊరి సచివాలయంలో అడిగితే, ఆసుపత్రి కాగితాలతో పెద్ద తిప్పలు, ఇంట్లోనే పోయినట్టు రాసుకుంటే సులువు అన్నారు. అదీ అట్లాగే రాయించారు.

పదకొండో రోజున ఎర్రప్ప అక్క నాగలక్ష్మమ్మ అందరి మధ్యా కూర్చుని ఒక మాట అడిగింది. "మా తమ్మునికి కడాకు నోట్లో నీళ్ళు ఎవురు పోసినారు?" పోయేవాళ్ళ నోట్లో అయినవాళ్ళు రెండు చుక్కలైనా పొయ్యాలి, అది అక్కడి ఆనవాయితీ. నాగలక్ష్మమ్మ తప్పు పట్టాలని అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.  ఆ రాత్రి నుంచి రామాంజినమ్మకు నీళ్ళు దిగడం కష్టమైంది. చెంబు ఎత్తితే చాలు, గోడవైపు తిరిగిన మొహం కనబడేది. నా మీద కోపంతోనే పోయినాడా? మళ్ళీ అడిగినాడా? ఎవురన్నా ఒక్క చుక్క పోసినారా? ఈ మూడు ప్రశ్నలూ తిరగలి తిప్పినట్టు తిరిగేవి. ఇంకేదీ అక్కర్లేదు ఆమెకు. ఆయన తిరిగి రాడని తెలుసు. ఆ మూడు గంటలు మాత్రం కావాలి, తను లేని ఆ మూడు గంటలు.

అట్లా మొదలైంది అడగడం. ఆసుపత్రికి రెండుసార్లు ఒక్కతే పోయింది. ఆనాటి నర్సులు బదిలీ అయిపోయారు. "ఎప్పుడో జరిగింది, మాకేం తెలుస్తుంది అవ్వా" అన్నారు. నలభై ఆరేళ్ళకే అవ్వ అయిపోయింది, చూడండి! ఒక నర్సు మాత్రం మందుల ట్రే సర్దుకుంటూ "అంతా ఫైల్లో ఉంటుంది, గంట గంటకూ రాస్తాం" అంది. "నీళ్ళు అడిగింది కూడానా?" "అన్నీ. కానీ ఫైలు మీకు ఇవ్వరు." రామాంజినమ్మ అక్కడే నిలబడిపోయింది. ఉందన్నమాట! ఆ మూడు గంటలూ ఎక్కడో ఒక బీరువాలో కాగితం మీద ఉన్నాయి. ఆమెకు ఆనందం పట్టలేదు, ఏడుపూ ఆగలేదు.

బెళుగుప్ప తహసీల్దారు ఆఫీసు ఎదురుగా రేకుల కింద అర్జీలు రాసే చంద్రమోహన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. సంగతంతా విని "ఇంతకీ నీకేం కావల్ల మా?" అన్నాడు.

"ఆ పొద్దు ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆయప్ప నీళ్ళు అడిగినాడా, అడిగితే ఎవురన్నా ఇచ్చినారా, అది కావల్ల."

చంద్రమోహన్ పెన్ను కింద పెట్టాడు. "అంతేనా? డాక్టరు ఎన్నింటికొచ్చినాడు, ఆపరేషను ఎందుకు చేయలా, అవన్నీ వద్దా? కేసు ఏస్తే పరిహారం వస్తాది."

"పరిహారం నేనేం చేసుకోనప్పా. నీళ్ళ సంగతి రాయి."

"అట్ల రాస్తే జవాబు రాదు మా. సమాచార హక్కు చట్టమంటే నోటిమాట అడిగేది కాదు, కాగితాలు అడిగేది. కేసు షీటు, నర్సులు రాసిన పేజీలు, నోట్లోకి ఎంత పోయింది, ఒంట్లోనుంచి ఎంత వచ్చిందని రాసే పట్టీ, అన్నిటికీ నకళ్ళు ఇమ్మని రాస్తా. నీ నీళ్ళు ఉంటే దాంట్లోనే ఉంటాయి." తెల్లకార్డు వాళ్ళకు రుసుము లేదని చెప్పి, కార్డు జిరాక్సు జతచేసి, ఆమె కళ్ళముందే కవరు అంటించాడు. రోగి పేరు కార్డు చూసి రాసుకున్నాడు. ఎర్రప్ప అని.

ముప్పై రోజుల్లో జవాబు రావాలన్నాడు. పెన్న ఒడ్డుకు పోయిన మనిషి కోసం చూసినట్టే మళ్ళీ వాకిట్లో కూర్చుంది రామాంజినమ్మ. ఉత్తరాలు తెచ్చే ఓబిలేష్ మొదటి వారం "రాలేదక్కా" అనేవాడు, రెండో వారం తల ఊపి పోయేవాడు, మూడో వారం నుంచి పాపం ఆ వీధి తప్పించి వెనక సందులోనుంచి పోవడం మొదలుపెట్టాడు. ఈమె వెనక సందులో కూడా కూర్చుంది. ఇరవై ఎనిమిదో రోజున కవరొచ్చింది. ఓబిలేషే చించి చదివాడు. ఆ తేదీన ఎర్రప్ప అనే పేరుగల రోగి ఎవరూ మా ఆసుపత్రిలో చేరలేదు, మరణించలేదు.

"లేడంటనా?" అంది. ఇంకోసారి చదివించుకుంది. "సచ్చిపోయింది కూడా లేదంటాండారా?" పదకొండో రోజున కూడా గట్టిగా ఏడవని మనిషి ఆవేళ వీధిలో కూర్చుని ఏడ్చింది. ఇంట్లో కాగితం చూస్తే ఇంట్లో పోయాడంటుంది. ఆసుపత్రి కాగితం చూస్తే అసలు రాలేదంటుంది. ఆయన చివరి పూట ఏ లెక్కలోనూ లేకుండా పోయింది.

చంద్రమోహన్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "చేర్చినప్పుడు పేరేమని చెప్పినావు మా?"

"తిప్పేషు వాళ్ళ నాయనని."

"మొగుని పేరు చెప్పలేదా?"

"ఎట్ల చెప్తానప్పా?"

అతను నుదురు కొట్టుకున్నాడు. "ఓరి దేవుడా! వాళ్ళు తిప్పేష్ అని రాసుకొనింటారు! నీ కొడుకు సచ్చిపోయినాడని ఉండాది ఆడ! ఇంగ ఇప్పుడైనా చెప్పు మా ఆ పేరు. మనిషే పోయినాడు, ఇంగ తగ్గేకి ఆయుష్షు యాడుండాది?" అనేశాక నాలుక కరుచుకున్నాడు. రామాంజినమ్మ అప్పటికీ చెప్పలేదు.

తిప్పేష్ పేరుతో ఇంకో అర్జీ పెట్టమంటే పని అయిపోయేది. కానీ రాయదుర్గంలో కోడలు మల్లీశ్వరికి ఐదో నెల. సంగతి వినగానే చేతిలో గిన్నె నేలకేసి కొట్టింది. "కడుపుతో ఉండాను నేను. నా మొగుని పేరు సచ్చినోళ్ళ కాగితంలో రాసి ఆఫీసుల్లో తిప్పుతారా అత్తా? మామ పేరు నీ నోట్లోనుంచి రాదు, ఈయప్ప పేరు మాత్రం సావుల్లో కలిపేస్తావా?" తిప్పేష్ అమ్మ మొహం చూడలేక బయటికి పోయాడు. రామాంజినమ్మకు కోపం రాలేదు. ఆ పిల్ల భయం ఏమిటో ఆమెకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది! మొగుడు పది కాలాలు ఉండాలని తనూ నోరు కట్టుకున్నదే కదా. "నువ్వు చెప్పింది నిజమే మల్లీ. నీ మొగుని పేరు యాడా రాయను. నా మొగుని పేరు నేనే చెప్పుకొంటా" అని బస్సెక్కింది.

చంద్రమోహన్ అప్పీలు రాశాడు. పేరు తప్పు పడిందని, తేదీ ఇదని, వార్డు ఇదని, మంచం ఇదని. విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. తిప్పేష్ సెలవు పెట్టి తోడుగా వచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఆగి, గోడకున్న పచ్చబోర్డు చూసి చదివాడు. "సమాచారం ప్రజల హక్కు. ఇక్కడ ఏ సమాచారం కావాలన్నా ఈ అధికారిని అడగవచ్చు." అధికారి పేరున్నచోట రంగు పెచ్చులూడిపోయి ఉంది.

"ఇదేనా ఆడ రాసుండేది?" అంది రామాంజినమ్మ. "దీని కిందనే గదరా నేను మూడు గంటలు కూసున్నది! అడగొచ్చని రాసి, అడగలేనోళ్ళను దాని కింద కూసోబెడతారా?" ఆమె గొంతు ఎంత లేచిందంటే సెక్యూరిటీ మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆనాటి మనిషి కాదు, వేరే ఎవరో.

అప్పీలు వినే అధికారి కళ్ళద్దాలు సవరించుకుని "రోగి పేరు చెప్పండి" అన్నాడు. తిప్పేష్ చెప్పబోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. 

"ఎర్రప్ప" అంది.

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో, ఆ తరవాతి ఏడాదిన్నరలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. అన్నాక ఆమెకు ఆపాలనిపించలేదు. "గొర్ల ఎర్రప్ప. మాది బెళుగుప్ప కాడ. కిటికీ పక్కన మూడో మంచం. పేరు చెప్పకపోయింది నా తప్పే సారూ. మనిషి మాత్రం మావాడే."

అధికారి రిజిస్టరు తెప్పించి చూశాడు. "ఆ మంచం మీద ఉన్నది తిప్పేష్ అని ఉంది. వేరే వ్యక్తి వివరాలు మీకెట్లా ఇస్తాం?"

తిప్పేష్ ముందుకు జరిగాడు. ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ తిప్పేష్ నేనే సార్. మీ లెక్కలో సచ్చిపోయింది నేనే. నా ఫైలు మా అమ్మకు చూపించమని నేనే అడుగుతాండా."

అధికారి కార్డులోని ఫోటో చూశాడు, వాడి మొహం చూశాడు, రిజిస్టరులో రాసిన వయసు చూశాడు. యాభై రెండు అని ఉంది.  తరవాత ఫైలు చూపించి, నకళ్ళు ఇమ్మని రాసి సంతకం చేశాడు. ఇంటికిపోయి మల్లీశ్వరికి ఏం చెప్పుకున్నాడో, ఎన్ని పూటలు పస్తున్నాడో అది తిప్పేష్‌కే తెలియాలి.

రికార్డుల గది చూసే హేమావతి ఒకప్పుడు నర్సుగా చేసిన మనిషి. ఫైలు దుమ్ము దులిపి, బల్ల మీద పరిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఉదయం పది నలభైకి చేరిక. ఒకటిన్నరకు సర్జనుకు ఫోను చేశాం. రెండు యాభైకి మళ్ళీ ఫోను చేశాం. వస్తున్నానన్నారు. తిప్పేష్ పిడికిలి బిగుసుకుంది. "సూడు మా, రెండు తూర్లు పిలిచినా రాలేదు!"

"అది నువ్వు అడుగుదువులే, వదలొద్దు. నన్ను నీళ్ళ కాడికి పోనీ" అంది రామాంజినమ్మ.

హేమావతి పట్టీ తీసింది. గంటకొక గడి. నోటి ద్వారా ఇచ్చినది, ఒంటిగంటకు సున్నా. రెండింటికి సున్నా. మూడింటికి సున్నా. రామాంజినమ్మ ఆ గళ్ళ మీద వేలు పెట్టి చూసింది. సున్నా చదవడానికి చదువు అక్కర్లేదు. అయిపోయింది, ఎవరూ ఇవ్వలేదు. లేవబోతుంటే హేమావతి "ఉండమ్మా, నర్సు రాసింది ఇంకో పేజీ ఉంది" అని వెతికింది. దొరికాక వెంటనే చదవలేదు. ముందు తనలో తను చదువుకుని, గొంతు సవరించుకుంది.

"మూడు ఇరవై. రోగి నీళ్ళు అడుగుతున్నాడు. ఇవ్వకూడదని చెప్పాం. తడిదూదితో పెదాలు తడిపాం. భార్యను పిలవమంటున్నాడు. తోడు మనిషి అందుబాటులో లేరు."

"ఇంగోసారి సదువు."

హేమావతి చదివింది.

"ఆ పిలవమన్న కాడ ఇంగోసారి."

"భార్యను పిలవమంటున్నాడు."

రామాంజినమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. పిలిచాడు. గోడవైపు తిరిగిన మనిషి మళ్ళీ ఇటు తిరిగి పిలిచాడు. కోపం లేదు ఆయనకు, లేదు! ఎవరో తల్లి కన్న బిడ్డ, పేరు కూడా తెలియని బిడ్డ, ఆయన పెదాలు తడిపింది. ఆమె నవ్వింది, ఏడ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఏడాదిన్నరగా గుండెల మీద ఉన్న బండ ఒకటి పక్కకు జరిగింది. అంతలోనే ఆఖరి మాట తగిలింది.

"అందుబాటులో లేరంటే ఏమి మా?"

"అంటే... దగ్గర్లో లేరని."

"నేను గేటు కాడనే ఉంటి గదమ్మా!" ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించింది. అక్కడి నుంచి గేటు కనబడుతోంది, పచ్చబోర్డు కనబడుతోంది. "ఎంత దూరమని అది? ఒక మాట కేకేస్తే ఇనపడేది. నేను యాడికో పోయినట్టు రాసినారే. ఆయప్ప కూడా అట్లనే అనుకొనింటాడు. పిలిస్తే కూడా రాలేదని అనుకొనే పోయింటాడు."

హేమావతి కిటికీలోంచి చూసి తల దించుకుంది. "చనిపోయినవాళ్ళ ఫైల్లో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యకూడదమ్మా."

"కొట్టెయ్యొద్దు. ఆ బిడ్డ తప్పు రాయలేదు, ఆ బిడ్డకు నేను కనపడలా. నా మాట కూడా దాంట్లో ఉండల్ల, అంతే."

హేమావతి లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "నువ్వు అర్జీ ఇస్తే దానికి నంబరు వేసి ఇదే ఫైల్లో పెట్టాలి నేను. పెట్టనని ఎవరూ అనలేరు." డ్రాయరు లోంచి ఒక తెల్లకాగితం తీసి తిప్పేష్ ముందుకు జరిపింది. వాడు 'గౌరవనీయులైన' అని మొదలుపెడితే అమ్మ ఆపింది. "అవన్నీ వద్దు. నేను చెప్పింది చెప్పినట్ట రాయి." వాడు రాశాడు. మధ్యలో రెండుసార్లు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని రాశాడు.

"అయ్యా, నేను ఎర్రప్ప పెండ్లాన్ని. ఆ పొద్దు నేను యాడికీ పోలేదు. ఒంటిగంట నుంచి నాలుగు దాకా మీ గేటు కాడనే కూసోని ఉంటి. ఆయప్ప నన్ను పిలిచినాడని నాకు ఎవురూ చెప్పలేదు. చెప్పింటే వచ్చిండేదాన్ని."

రామాంజినమ్మ కింద వేలిముద్ర వేసింది. హేమావతి నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, నర్సు రాసిన పేజీ పక్కనే పెట్టి దబ్బనంతో కుట్టింది.